యంత్రం కన్నా ముందు పరదా

మధుమేహం చడీచప్పుడు లేకుండా కంటిని దెబ్బతీస్తుంది. ముందే పసిగడదామంటే నేత్ర వైద్యులు చాలినంతమంది లేరు. అందుకే గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా ఫొటోలతో కంప్యూటర్‌కు తర్ఫీదునిచ్చారు. వాటిలో మన ఆస్పత్రుల్లో తీసినవీ ఉన్నాయి. జబ్బును గుర్తించడంలో అది నిపుణులకు తీసిపోదని 2016లో తేల్చారు.

తీరా థాయ్‌లాండ్ క్లినిక్‌లలో పెడితే, అయిదో వంతుకు పైగా ఫొటోలు స్పష్టంగా లేవని తిప్పికొట్టింది. 11 క్లినిక్‌లలో రెండింటికే చీకటి చేయదగ్గ ప్రత్యేక గది ఉందని 2020 నాటి అధ్యయనం చెప్పింది. ఫొటో చెల్లకపోతే రోగి పని మానుకుని మరో రోజు నిపుణుడి దగ్గరకు వెళ్లాల్సిందే. జబ్బు లేకపోయినా సరే.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ ఇదే పాఠం. యంత్రం కొనేముందు కిటికీకి పరదా ఉందేమో చూసుకోవాలి.