కుక్కపిల్లకి సంబంధాలు

"మా మామగారు పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదురా!" అన్నాడు మావాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నేను కుక్కని ఇవ్వనన్నాక ఆ నవ్వు పోయింది. మూడు వారాలైంది, ఫోన్ లేదు.

సంగతేంటంటే, ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య ఖాళీ దొరికిందని ఒక చివావాని ఫోస్టర్‌కి తెచ్చుకున్నాను. అంటే, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మనింట్లో ఉంచుకోవడమన్నమాట. మా కాలిఫోర్నియా షెల్టర్ల నిండా ఈ జాతే. దీనికి ఎనిమిదేళ్ళుంటాయి, బరువు రెండున్నర కిలోలు. అరవదు, కరవదు. నాలుగు రోజులు సోఫా కిందనుంచి బయటికి రాలేదు. మిక్సీ వేస్తే వణుకు, కుక్కర్ కూత పెడితే వణుకు. చివరికి పప్పు మామూలు గిన్నెలో ఉడకబెట్టుకోవడం మొదలెట్టాను (గంట పడుతుంది, తెలుసా?). పదకొండో రోజు రాత్రి తనంతట తనే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. కాలు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.

ఇంతలో కొత్త ప్రాజెక్టు. సోమవారం విమానం ఎక్కడం, గురువారం రాత్రి దిగడం. ఇక నా ఇల్లూ దానికి పనికిరాదు.

మావాడిది పెద్ద ఇల్లు, పెరడు, ఆరేళ్ళదీ నాలుగేళ్ళదీ బంగారం లాంటి పిల్లలు. జులై 4కీ దీపావళికీ పాతికమంది అక్కడే చేరతాం. "చిన్న కుక్కేగా, పిల్లలకి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు. నాకు పేచీ అక్కడే. చిన్నది కాబట్టే సరిపోదు. నాలుగేళ్ళ పిల్ల ముద్దొచ్చి ఎత్తుకుని జారవిడిస్తే దాని కాలు విరుగుతుంది. కేసరిలోంచి రాలిన ఎండుద్రాక్ష కుక్కలకి విషం, ఉల్లిపాయా అంతే. టపాకాయలకి బెదిరి గేటు సందులోంచి పారిపోతే వెతకడానికి పిడికెడు ప్రాణం. పసిపిల్లలున్న ఇంటికి ఇంత చిన్న కుక్కల్ని ఇవ్వని రెస్క్యూవాళ్ళని చూసి ఒకప్పుడు నేనూ "ఎంత పొగరు!" అనుకున్నవాణ్ణే.

అలాగని నిశ్శబ్దంగా ఉన్న ఇల్లల్లా ప్రశాంతమైనది కాదు. మొగుడూ పెళ్ళాం పొద్దున ఎనిమిదికి తాళం వేసి రాత్రి ఏడుకి తీసే అపార్ట్‌మెంట్‌లో చడీచప్పుడూ ఉండదు. కానీ అందులో రోజంతా తలుపుకేసి చూస్తూ కూర్చునేది ఎవరు? అలాంటి ఒక జంటనీ కాదన్నాను.

చివరికి రిటైరైన నర్సమ్మగారు ఒకావిడ వచ్చారు. ఒకటే పడగ్గది, మోకాళ్ళ నొప్పులు. రాగానే కుక్కని పిలవలేదు, చెయ్యి చాపలేదు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుకున్నారు. అరగంటకి అదే వెళ్ళి ఆవిడ చెప్పులు వాసన చూసింది. "నాకేదైనా అయితే మా అమ్మాయి చూసుకుంటుంది, రాసి ఇచ్చింది," అని నేను అడగకముందే కాగితం తీశారు. ఇంకేం అడగను?

మా అమ్మకి చెబితే, "ఒరేయ్, నీకు సంబంధాలు చూడ్డానికి కూడా నేనింత ఆలోచించలేదురా," అంది.

ఈ ఆదివారం మావాడికి నేనే ఫోన్ చేస్తాను. షెల్టర్‌లో ఒక లాబ్రడార్ మిక్స్ ఉంది, పిల్లల గోల మధ్యే పెరిగిందట. పిల్లల్ని తీసుకుని రమ్మంటాను. వస్తాడో, రాడో.