అంగడికి సెలవు లేకున్నా గుమాస్తాకు ఉండాల్సిందే

ఆదివారం అంగళ్లు తెరవనివ్వాలా, మూయించాలా? తెరవనివ్వాలన్నదే మా మాట. అదునుకు వాన పడితే రాయచూరు జిల్లా మల్లట్ రైతు విత్తనాలకూ ఎరువులకూ సోమవారం దాకా ఆగలేడు. అయితే తెరిచిన అంగడిలో వారమంతా ఒకే మనిషిని నిలబెడితే ఊరుకోకూడదు.

కర్ణాటకలో 1961 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం ప్రతి ఉద్యోగికీ వారానికి ఒక పూర్తి రోజు సెలవివ్వమంటోంది. 2021 జనవరిలో ప్రభుత్వం పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలు అన్ని రోజులూ 24 గంటలూ తెరుచుకోవచ్చని అనుమతించింది. వంతులవారీగా వారపు సెలవు ఇవ్వాలనీ, ఏ రోజు ఎవరు సెలవులో ఉన్నారో అంగడిలో అందరికీ కనబడేలా రాసిపెట్టాలనీ షరతులు విధించింది. పొరుగున తెలంగాణ కూడా 2023లో రాత్రింబవళ్ల వ్యాపారానికి దారి తెరిచింది. పెద్ద సంస్థలకు షరతులైనా ఉన్నాయి. ఒకరిద్దరు గుమాస్తాలతో నడిచే కిరాణా అంగడిలో, బట్టల అంగడిలో పట్టించుకునేవారేరి?

‘ఇష్టపడే వస్తున్నాడు’ అని యజమానులు అంటారు. అడ్వాన్సు తీసుకున్న గుమాస్తా రానని అనగలడా? ఒక్క మనిషితో నడిచే అంగడికి సెలవు భారమని మరో వాదన. ఆ రోజు యజమానో, ఇంటివాళ్లో కూర్చోవచ్చు. కుదరకపోతే మూయాలి. ఆదాయం యజమానికి, అలసట గుమాస్తాకు అన్న పంపకం న్యాయం కాదు.

వారపు సెలవు ఎవరి దయవల్లా రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి పోరాడితే 1890లో ఆదివారం సెలవు దక్కింది. అలా సాధించుకున్న విశ్రాంతికి సంస్కరణ పేరుతో కోతపెట్టనివ్వరాదు. ఓవర్‌టైమ్‌తో కలిపి రోజు పనిని 10 గంటల నుంచి 12కు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 50 గంటల నుంచి 144కు పెంచాలన్న 2025 నాటి కర్ణాటక ప్రతిపాదన అలాంటి కోతే. దానికి చోటివ్వకూడదు.

ప్రభుత్వం చేయవలసింది స్పష్టం. అంగడి ఏ రోజు తెరవాలో యజమానికి వదిలేయాలి. వారానికి ఒక రోజు జీతంతో కూడిన సెలవును, ఒకే గుమాస్తా ఉన్న చోట సైతం, తప్పనిసరి చేయాలి. సెలవు పట్టికను చిన్న అంగళ్లలోనూ గోడమీద పెట్టించాలి. కార్మిక శాఖ తనిఖీ రాయచూరు నగరంలోనే ఆగక మల్లట్ దాకా రావాలి. సెలవు ఎగ్గొట్టిన యజమాని నుంచి ఆ రోజుకు రెట్టింపు కూలి వసూలు చేసి గుమాస్తా చేతికివ్వాలి.