రేవుకు దారి

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెతను మనం సాధారణంగా భాగ్యచక్రానికి అన్వయించుకుంటాము. అయితే ఆ మాటలో ఒక లౌకిక సత్యం కూడ ఇమిడి ఉన్నది. ప్రతి ఓడ ప్రయాణమూ మొదట బండి ప్రయాణమే. ఇంటి గుమ్మం నుండి రేవు గట్టు వరకు నేల మీద సాగవలసిన దూరం ఒకటి ఉంటుంది. ఓడ టిక్కెట్టు మీద ఆ దూరం ప్రస్తావన ఉండదు. దాని వెల ఏ పట్టికలోను కనబడదు. బీదవాని ప్రయాణం తరచు ఆ నేల మీదనే ఆగిపోతుంది.

సముద్రానికి వందల మైళ్ళ దూరాన ఉన్న హైదరాబాదులో రేవు ప్రసక్తి ఏమిటని కొందరు విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చును. మన నగరానికీ ఒక రేవు ఉన్నది. అది హుసేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులోని పడవల రేవు. పర్యాటకాభివృద్ధి సంస్థ పడవలు అక్కడి నుండి బుద్ధ విగ్రహానికి పోయి వస్తుంటాయి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు ఆ రేవు మూడు నాలుగు కిలోమీటర్లకు మించిన దూరం కాదు. ఆరోగ్యవంతుడైన యువకునికి అది గంటలోపు నడక. అయినను ఈ మూడు పేటలలో నివసించే విద్యార్థులలో ఆ నీటి మీద ఒక్కసారైనా తేలి వచ్చినవారు ఎందరు? ఎదురుగా ఉన్న సరస్సు దూరమైనదంటే అందుకు కారణం వెదకవలసిందే.

వాహనం లేనివాడు ఈ రేవుకు ఎట్లా చేరాలి? మెట్రో ఉన్నది గదా అంటారు. జె.బి.ఎస్. నుండి ఎం.జి.బి.ఎస్. వరకు సాగే మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమై, చిక్కడపల్లికి ఒక స్టేషనును, నారాయణగూడకు ఒక స్టేషనును ప్రసాదించింది. సంతోషమే. కాని చిక్కడపల్లిలో రైలెక్కినవాడు సాగరానికి పోవాలంటే మొదట దక్షిణంగా ఎం.జి.బి.ఎస్.కు పోయి, అక్కడ మరొక రైలు పట్టుకుని, ఉస్మానియా మెడికల్ కాలేజి, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్లను దాటి లకడీకాపూల్‌లో దిగవలసి ఉన్నది. అటుపిమ్మట ఇంకొక కిలోమీటరుకు పైగా నడక. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్లున్నది ఈ ప్రయాణం. పైగా 2025 మేలో మెట్రో కనీస ఛార్జీని 10 రూపాయల నుండి 12కు, గరిష్ఠ ఛార్జీని 60 నుండి 75కు పెంచి, ప్రయాణికులు గొల్లుమనగా కొద్ది రోజులలోనే పదిశాతం తగ్గించారు. తగ్గించిన తరువాత కూడ అది పాత ఛార్జీ కంటె ఎక్కువే.

బస్సు సంగతి చూద్దాము. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద స్త్రీలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం లభించింది. మన విద్యార్థినులకు ఇది నిజమైన మేలు. విద్యార్థుల తండ్రులకు మాత్రం ఖర్చు పెరిగింది. 2025 జూన్‌లో ఆర్డినరీ నెల పాసు ధర 1150 రూపాయల నుండి 1400 అయినది. అదే సంవత్సరం అక్టోబరులో సిటీ బస్సు ఛార్జీలు మొదటి మూడు స్టేజీలకు ఐదేసి రూపాయలు, ఆపై స్టేజీలకు పదేసి రూపాయల వంతున పెరిగినవి. చేరువ దూరాలు పోయేవానికే ఈ పెంపు భారం ఎక్కువ. ఇరవై కిలోమీటర్లు పోయేవానికి అది తెలియకపోవచ్చు. మూడు కిలోమీటర్లు పోయేవానికి ఆ ఐదు రూపాయలు పెద్ద భాగమే అవుతుంది.

ఇక నడక. నారాయణగూడ నుండి హిమాయత్‌నగర్, లిబర్టీ మీదుగా ఒక దారి. అశోక్‌నగర్ నుండి ఇందిరా పార్కు, దిగువ ట్యాంక్‌బండ్ మీదుగా మరొక దారి. రెండు దారులలోను కాలిబాట కొంతదూరం కనబడి, కొంతదూరం దుకాణాల సామానులోను, నిలిపిన మోటారు సైకిళ్ళలోను అదృశ్యమైపోతుంది. చివర అంబేద్కర్ విగ్రహం కూడలి వద్ద నలువైపుల నుండి వచ్చే వాహన ప్రవాహాన్ని దాటడం వృద్ధులకు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లులకు సాహసకార్యమే.

ధనం లేక ఈ పనులు జరగడం లేదనుకుందామా? ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు అశోక్‌నగర్, ఆర్.టి.సి. క్రాస్‌రోడ్ల నెత్తిమీదుగా రెండు కిలోమీటర్లకు పైబడిన ఉక్కు వంతెనను సుమారు 450 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించి, 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. దానికి కార్మిక నాయకుడుగా పేరుగాంచిన నాయిని నరసింహారెడ్డి గారి పేరు పెట్టారు. వంతెన వలన వాహనాలకు వేగం పెరిగింది, కాదనను. కార్మిక నాయకుని పేరు మోసే వంతెన క్రింద కార్మికుడు నడిచే బాట మాత్రం చక్కబడవలసే ఉన్నది.

ఈ సందర్భంలోనే పార్కింగు ప్రశ్న వస్తుంది. సాగరతీరానికి జనం రావాలంటే వాహనాలు నిలుపుకొనుటకు విశాలమైన, చవకైన స్థలాలు కావాలని చాలామంది అభిప్రాయం. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. నడవలేని తల్లిదండ్రులను స్కూటరు మీదనో ఆటోలోనో తీసుకురావలసినవారు ఉంటారు. రుసుము పట్టిక లేనిచోట రసీదు పుస్తకం పట్టుకున్నవాడు అడిగినదే ధర అవుతుంది. ప్రభుత్వం 2018లో దుకాణ సముదాయాలకు, మల్టీప్లెక్సులకు నియమాలు చేసి, మొదటి అరగంట నిలుపుటకు ఎవరివద్దను రుసుము తీసుకొనరాదన్నది. 2021లో ఒకే తెర గల సినిమాహాళ్ళకు పార్కింగు రుసుము వసూలు చేసుకొను అనుమతి ఇచ్చింది. సినిమాహాళ్ళకు పేరుపొందిన ఆర్.టి.సి. క్రాస్‌రోడ్ల ప్రేక్షకులకు ఈ రెండు ఉత్తర్వుల తేడా బాగుగా తెలుసు. 2024 ఆగస్టులో నాగోలు మెట్రో స్టేషను వద్ద అంతవరకు ఉచితంగా ఉన్న పార్కింగు ఆగిపోగా ప్రయాణికులు నిరసనకు దిగినారు. రైలెక్కమని ప్రోత్సహిస్తూ, రైలు వరకు వచ్చిన వాహనానికి రుసుము విధించడం తగదని వారి వాదన. అది సబబైన వాదనే.

అయితే ఒక లెక్క చూడండి. ఒక కారు నిలుపుటకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల నేల కావలెను. అంటే సుమారు నూట ముప్పై చదరపు అడుగులు. అశోక్‌నగర్ వసతిగృహాలలో ఉద్యోగ పరీక్షలకు చదివే ముగ్గురు విద్యార్థులు మంచాలు, పుస్తకాలు, కుక్కరు సర్దుకుని కాపురముండే గది వైశాల్యం ఇంచుమించు అంతే. జిల్లాల నుండి వచ్చి, పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో తలవంచి చదివే ఆ యువకునికి ఆదివారం సాయంత్రం సాగరపు గాలి కావాలి. సరస్సు ఒడ్డున అంత నేలను కారుకు చవకగా ఇచ్చి, అతనికి అడుగు వెడల్పు కాలిబాట ఇవ్వకపోవడం ఏ న్యాయశాస్త్రంలోనిది? పార్కింగు చవకగా ఉండవలసినది రేవు గుమ్మంలో గాదు. చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్ల వద్ద. గుమ్మం ముందరి స్థలం వికలాంగులకు, వృద్ధులకు, బస్సులకు చెందాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1995 వరకు మన దేశపు హజ్ యాత్రికులు బొంబాయి నుండి జిద్దాకు ఓడల మీద పోయేవారు. విమానం కంటె ఓడ చవక గనుక, ఓడ ఎక్కేవారిలో సామాన్యులే అధికం. హైదరాబాదు యాత్రికులు ట్రంకు పెట్టెలతో రైలెక్కి బొంబాయి చేరేవారు. అక్కడ క్రాఫర్డ్ మార్కెట్టు ప్రాంతంలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా వారికి ఆశ్రయమిచ్చేది. పరాయి నగరంలో వాహనం లేక, బంధువు లేక దిగిన మనిషి ఓడ కదిలే దినం వరకు తలదాచుకొనే చోటు రేవుకు చేరువలో ఉండాలని ఎవరో దాత ముందుగా తలచినాడు. మన నాంపల్లి స్టేషను చెంత నిజాం కాలంలో సరాయి కట్టించిన వారి తలంపు కూడ అదే. వారు ప్రయాణికుని వాహనాన్ని గురించి ఆలోచించలేదు, ప్రయాణికుని గురించే ఆలోచించినారు.

నేడు విశాఖపట్టణంలో అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్ వెలసింది. సుమారు 96 కోట్ల వ్యయంతో నిర్మించిన దానిని 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. మన ప్రాంతం నుండి విహార నౌక ఎక్కదలచిన మధ్యతరగతి కుటుంబం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి విశాఖ స్టేషనులో దిగుతుంది. వారికి కారు నిలుపుకొను చోటుతో పనిలేదు. నౌక వచ్చే దినాన స్టేషను నుండి రేవుకు ఒక బస్సు, దానికి ముందుగా ప్రకటించిన ఛార్జీ, ఈ రెండుంటే చాలును. చిన్నదైనా పెద్దదైనా రేవు అవసరం ఒక్కటే.

సాగరం మధ్యనున్న బుద్ధ విగ్రహం చరిత్ర ఈ విషయమే చెబుతున్నది. రాయగిరి వద్ద చెక్కిన ఆ మహాశిల బహుచక్ర వాహనం మీద హైదరాబాదుకు వచ్చి, 1990 మార్చిలో పడవ మీదికెక్కి, నీటిలో మునిగి, కొందరి ప్రాణాలను బలిగొని, 1992 డిసెంబరులో మరల పైకి వచ్చి పీఠమెక్కింది. ఒక శిలను రేవుకు చేర్చుటకు ప్రత్యేక వాహనాన్ని సమకూర్చి, మార్గం నిర్ణయించి, ఇంజనీర్లను వెంట నడిపించిన నగరానికి, ఆ శిలను చూడవచ్చే మనిషికి దారి చూపడం అసాధ్యమా?

నేను కోరేది వందల కోట్ల పథకం కాదు. శని, ఆదివారాలలోను, పండుగ దినాలలోను ఆర్.టి.సి. క్రాస్‌రోడ్ల నుండి చిక్కడపల్లి, నారాయణగూడ, హిమాయత్‌నగర్, లిబర్టీల మీదుగా లుంబినీ పార్కు గుమ్మం వరకు పోయి, దిగువ ట్యాంక్‌బండ్, ఇందిరా పార్కు, అశోక్‌నగర్‌ల మీదుగా తిరిగివచ్చే ఒక చిన్న బస్సు. విద్యార్థి పాసు అందులో చెల్లాలి. ఆ రెండు దారులలో ఎడతెగని కాలిబాట. చివరి కూడలిలో పాదచారులకు తగినంత సేపు ఆగే సిగ్నలు. పార్కింగు రుసుము పట్టిక తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను అందరికీ కనబడేటట్లు ఒక బోర్డు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విజ్ఞప్తి: ఈ నాలుగు కోరికలతో ఒక వినతిపత్రాన్ని ఆర్.టి.సి.కి, నగరపాలక సంస్థకు కళాశాల పక్షాన పంపవలసినది. విద్యార్థి మిత్రులారా, వినతిపత్రానికి బలం మీరే. ఒక ఆదివారం పది మంది కలిసి ఈ దారిలో నడవండి. కాలిబాట ఎక్కడ తెగినదో, కూడలి దాటుటకు ఎన్ని నిమిషాలు పట్టినదో, పార్కింగుకు ఎవరు ఎంత అడిగినారో వ్రాసి తెండి. చూచి వ్రాసిన ఆ రెండు పుటలను అధికారులు త్రోసిపుచ్చలేరు.