ఫిట్స్ ఉన్న బిడ్డ కంచం గురించి ఒక విన్నపం

ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు, వాళ్ల అమ్మమ్మలకు, నాయనమ్మలకు, బడిలో టీచర్లకు ఈ విన్నపం రాస్తున్నాను. మా అబ్బాయికి మూర్ఛ ఉంది. రెండు మందులు వాడినా ఆగకపోతే డాక్టరుగారి పర్యవేక్షణలో పథ్యం మొదలుపెట్టాం, మందులు కొనసాగిస్తూనే. ఆ అనుభవంతోనూ, ఆస్పత్రి వరండాల్లో తోటి తల్లులు చెప్పగా విన్నదానితోనూ మిమ్మల్ని అడుగుతున్నాను. ఫిట్స్ ఉన్న బిడ్డ కంచంలోంచి ఏదైనా తీసేయదలిస్తే డాక్టరుకు చెప్పి తీయండి, లెక్కతో తీయండి. మాత్ర మాత్రం ఆపకండి.

మన ఇళ్లలో పథ్యం కొత్తేమీ కాదు. ఒంట్లో బాగోకపోతే వంకాయ, గోంగూర, గుడ్డు మానిపించడం తరాలుగా ఉన్నదే. ఫిట్స్ వచ్చిన బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ జాబితాకు అంతుండదు. పక్కింటావిడ కోడిమాంసం వద్దంటుంది, పెద్దమ్మ పెరుగు వద్దంటుంది, ఎవరో ఫోనుకు పంపిన వీడియోలో గోధుమే విషమంటారు. అందరి మాటా వింటూ పోతే చివరికి అన్నం, చారు మిగులుతాయి. ఎదిగే వయసులో పిల్లలకు మాంసకృత్తులు అందవు. ఫిట్స్ మాత్రం వస్తూనే ఉంటాయి. పైగా కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరగడం ఈ జబ్బు తీరు. పెరుగు మానిన వారం ఫిట్ రాలేదంటే అది పెరుగు మానినందుకో, కంటినిండా నిద్రపోయినందుకో, అంతకుముందు మాత్ర మోతాదు పెంచినందుకో ఎలా తెలుస్తుంది? ఒకేసారి నాలుగు మార్చేస్తే ఎప్పటికీ తెలియదు.

అలాగని తిండికీ ఫిట్స్‌కీ సంబంధం లేదనడం లేదు. 1989లో ఎగ్గర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఫిట్స్ ఉన్న 63 మంది పిల్లలకు కొద్ది రకాల పదార్థాలతోనే భోజనం పెట్టి చూశారు. వాళ్లలో 45 మందికి ఫిట్స్‌తో పాటు మైగ్రేన్ తలనొప్పో, అదుపులేని చురుకుదనమో, రెండూనో ఉన్నాయి. ఈ 45 మందిలో 25 మందికి ఫిట్స్ ఆగాయి, మరో 11 మందికి తగ్గాయి. ఫిట్స్ తప్ప మరే బాధా లేని 18 మందిలో ఒక్కరికీ గుణం కనిపించలేదు. ఈ చివరి వాక్యాన్ని దయచేసి మరోసారి చదవండి. ఒకరి బిడ్డకు పాలు మానేస్తే తగ్గిందన్నది నిజమే కావచ్చు, మీ బిడ్డకూ తగ్గుతుందని దాన్నిబట్టి చెప్పలేం. మీ బిడ్డకు తరచూ తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు ఉంటే, ఏదో ఒకటి తిన్నాకే వస్తున్నట్టు అనిపిస్తే, నోటుపుస్తకంలో తేదీ, వేళ, తిన్నది, నిద్రపోయిన గంటలు, వేసిన మాత్ర రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్న కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, వాళ్లకు గోధుమ మానడం అవసరమే. అయితే ఆ జబ్బు ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష గోధుమ మానకముందే చేయించాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

మందులకు లొంగని ఫిట్స్‌కు వైద్యులు గట్టిగా నమ్మే పథ్యం వేరు. అది కీటో పథ్యం. ఉపవాసంలో ఫిట్స్ తగ్గుతాయని పూర్వం నుంచీ గమనించారు. ఉపవాసం ఎల్లకాలం చేయలేం కాబట్టి, పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే ఒంట్లో అదే స్థితి వస్తుందని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ ప్రతిపాదించారు. అప్పుడు కాలేయం కొవ్వునుంచి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు గ్లూకోజుకు బదులు వాటిని వాడుకుంటుంది. 1938లో ఫెనిటాయిన్ వచ్చాక మాత్రలు సులువని ఈ పథ్యం వెనకబడింది. మళ్లీ తలెత్తింది 1990లలో. లండన్‌లో 145 మంది పిల్లలపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, పథ్యం చేసినవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, చేయనివాళ్లలో 6 శాతానికే. కీటో పథ్యానికే కాస్త సడలించిన రూపమైన అట్కిన్స్ పథ్యాన్ని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 102 మంది పిల్లల్లో పరీక్షించి 2013లో ప్రచురించారు. అక్కడ సగానికి పైగా తగ్గినవాళ్లు పథ్యంలో 52 శాతం, మామూలు తిండిలో 11.5 శాతం. మన దేశపు వంటింట్లోనూ ఇది సాధ్యమని నాకు ధైర్యమిచ్చింది ఆ అంకెలే.

అందుకే, సరైన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగని పిల్లల తల్లిదండ్రులారా, ఈసారి వెళ్లినప్పుడు "మా బిడ్డకు పథ్యం పనికొస్తుందా?" అని నోరు తెరిచి అడగండి. ఉపవాసం సంగతి చదివి ఇంట్లో పిల్లల్ని పస్తు ఉంచకండి. ఒంట్లో కొవ్వును శక్తిగా మార్చుకోలేని కొన్ని పుట్టుకతో వచ్చే లోపాల్లో ఈ పథ్యం ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి మొదలుపెట్టే ముందు రక్తం, మూత్రం పరీక్షలు తప్పవు. మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, కొలెస్టరాల్ పెరగడం, ఎదుగుదల మందగించడం రావచ్చు. విటమిన్లు, క్యాల్షియం విడిగా ఇవ్వాలి. మూడు నెలలు నిష్ఠగా చేసి ఫలితం లేకపోతే డాక్టర్లే మాన్పిస్తారు. ఉంటే సాధారణంగా రెండేళ్లు కొనసాగిస్తారు.

ఈ పథ్యంలో కష్టమంతా అన్నం దగ్గరే. అట్కిన్స్ పద్ధతిలో రోజు మొత్తానికి పిండిపదార్థం 10 నుంచి 20 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లోనే అది 28 గ్రాముల దాకా ఉంటుంది. అంటే అన్నం ముద్ద లేని రోజులు. గ్లాసు పాలతో 10 గ్రాములు అయిపోతాయి. గుడ్లు, పనీర్, చేప, మాంసం, నెయ్యి, కొబ్బరినూనె, ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ, వీటితోనే బిడ్డ కడుపు నింపాలి. దగ్గు సిరప్‌లోనూ చక్కెర ఉంటుంది, అందుకే జ్వరమొచ్చినా చక్కెర లేని మందో మాత్రో రాయమని అడగాలి.

ఇక చుట్టాలకు, పెద్దలకు. "ఒక్క లడ్డూకేమవుతుందిలే పాపం, పసివాడు" అని తల్లి చూడకుండా చేతిలో పెట్టకండి. మీ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఆ ఒక్క లడ్డూతో ఒంట్లో కీటోన్లు పడిపోయి ఆ రాత్రే ఫిట్ రావచ్చు. గుడిలో ప్రసాదమిస్తే కళ్లకద్దుకొని అమ్మకివ్వమని చెప్పండి. టీచర్లు పుట్టినరోజు చాక్లెట్లకు బదులు ఓ పెన్సిలో, బొమ్మ స్టిక్కరో ఇప్పించండి. బిడ్డ డబ్బా ఎందుకు వేరుగా ఉందో తరగతికి ఒకసారి వివరిస్తే వెక్కిరింపులు ఉండవు. పూజగదిలో కర్పూరం బిళ్లలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, మింగితే ఏ జబ్బూ లేని పిల్లలకు కూడా ఫిట్స్ రావచ్చు.

మాత్రల మాట మళ్లీ చెబుతున్నాను, కోపగించుకోకండి. పథ్యంతో ఫిట్స్ తగ్గగానే "ఇక మందెందుకు" అనిపిస్తుంది. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. తగ్గించాలన్నా డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఫిట్ అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. అప్పటిదాకా బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు పోయకండి, చేతిలో తాళాలు పెట్టకండి.

పెద్దాస్పత్రులవారిని కూడా ఒకటి అడుగుతున్నాను. మాకిచ్చిన పథ్యం పట్టీ ఇంగ్లీషులో ఉంది, అందులో బ్రకోలీ, అవకాడో ఉన్నాయి. మా నాయనమ్మగారు చదువుకోగలిగే పట్టీ కావాలి. మూర్ఛ ఓపీలో తెలుగులో మాట్లాడే డైటీషియన్ ఉండాలి. ఈ పథ్యం ఇప్పటికే నడుపుతున్న తల్లులు కొబ్బరితోనో, గుడ్డుతోనో, వేరుశనగ పిండితోనో తాము కనిపెట్టిన వంటల్ని గ్రాముల లెక్కతో రాసి మీ డైటీషియన్‌కు ఇవ్వండి. ఆవిడ సరిచూసి తర్వాత వచ్చే కుటుంబానికి ఇవ్వగలుగుతుంది.

బిడ్డ సంచీలో ఒక చీటీ కూడా పెట్టండి. అందులో బిడ్డ పేరు, వాడే మందులు, మోతాదులు, డాక్టరు ఫోను నంబరు, "కీటో పథ్యంలో ఉంది, రక్తంలో చక్కెర చూసి, అది పడిపోయి ఉంటే తప్ప గ్లూకోజు సెలైన్ పెట్టకండి" అన్న మాట రాయండి. ప్రయాణంలోనో పొరుగూళ్లోనో పడిపోతే, ముందుగా చూసే డాక్టరుకు ఆ బిడ్డ గురించి ఏమీ తెలియదు.