చదరపు అడుగుల లెక్కన కళ

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఏనుగు దంతం పొదిగిన పాత పెట్టెలు, బల్లలు కొన్ని ఉన్నాయి. వాటి వివరాల్లో 'విజగపటం' అన్న మాట కనిపిస్తుంది. అది మన విశాఖపట్నమే. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు రోజ్‌వుడ్ మీద, గంధపు చెక్క మీద దంతపు రేకులు అతికేవారు. వాటిపై వెంట్రుకంత సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. ఆ వస్తువులు ఈస్టిండియా కంపెనీ దొరల వెంట ఓడలెక్కి సీమకు పోయాయి. ఇప్పటికీ వేలం సంస్థలు ఆ పనితనాన్ని ఊరి పేరుతోనే పిలుస్తాయి. దంతం వ్యాపారం నిలిచిపోవడం మంచిదే, దానికి ఎవరూ ఏడవక్కర్లేదు. ఏడవాల్సిందల్లా, ఇంత పేరు సంపాదించిన ఊరు ఇవాళ కళకు ఇస్తున్న చోటు చూసి.

బీచ్ రోడ్డులో ఆటో ఎక్కి 'సబ్‌మెరైన్' అంటే చాలు, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు దించేస్తారు. 'విమానం' అంటే విమాన మ్యూజియం ముందు. అదే 'ఆర్ట్ గ్యాలరీ' అంటే ఏ హోటల్లో అని ఎదురు అడుగుతారు. తప్పు ఆటోవాలాది కాదు. దేశం నలుమూలల నుంచీ జనం సముద్రం చూడటానికి వచ్చే ఈ నగరంలో నేటి చిత్రకారుల బొమ్మలను ఏడాది పొడవునా చూపించే ప్రభుత్వ చిత్రశాల చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. డచ్చివారి నాటి బంగళాలో 1991లో తెరిచిన విశాఖ మ్యూజియంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ వేసిన, పేలకుండా మిగిలిన బాంబు భద్రంగా ఉంది. ఈ గడ్డ మీద బొమ్మలు వేసినవారికి మాత్రం అంతటి భద్రత దక్కలేదు.

చిత్రకారులు ఏలికలకు గుర్తొచ్చేది పెద్ద అతిథులు వచ్చేటప్పుడే. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, 2023లో పెట్టుబడిదారుల సదస్సు, ఆ వెంటనే జీ-20 సమావేశం... సందర్భం ఏదైనా తంతు ఒక్కటే. ప్రహరీగోడలకు, ఫ్లైఓవర్ స్తంభాలకు రాత్రికి రాత్రి డాల్ఫిన్లు, బుద్ధుడు, థింసా నాట్యం వచ్చేస్తాయి. కూలి చదరపు అడుగుల లెక్కన. గోడ మీద శాఖ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వేసినవాడి సంతకం ఉండదు. రెండు వానాకాలాలు పోయేసరికి ఉప్పుగాలికి పెచ్చులూడి, వాటి మీద సినిమా పోస్టర్లు పడతాయి. సున్నం వేయడానికీ బొమ్మ వేయడానికీ తేడా తెలియని పాలన ఇది. కుంచె పట్టినవాడిని కాంట్రాక్టరు కింద కూలీగా మార్చి, దానికి 'నగర సౌందర్యీకరణ' అని పేరు పెట్టుకుంది.

ఈ నేరం ఒక పార్టీది కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత నాటక అకాడమీలతో పాటు లలితకళా అకాడమీనీ ఒక్క వేటుతో రద్దు చేసింది. ఆ తర్వాత వచ్చినవారు కుర్చీలు వేశారు, తీశారు. దృశ్యకళలకంటూ ఒక అకాడమీ పేరు పుట్టింది కానీ, దాని అధ్యక్ష పదవి నామినేటెడ్ పోస్టుల పందేరంలో ఒకటైంది. ఇక విశాఖ తీరంలోని రుషికొండ సంగతి. కొండను తొలిచి, దాదాపు 450 కోట్లు పోసి గత ప్రభుత్వం భవనాలు కట్టింది. ఈ ప్రభుత్వం వాటి లోపలి స్నానపు తొట్లను ఊరంతటికీ చూపించింది. వాటినేం చేద్దామన్న చర్చల్లో స్టార్ హోటళ్ల పేర్లే గట్టిగా వినిపించాయి. కట్టినవారి ఊహ నివాసం దగ్గర ఆగింది, తప్పుపట్టినవారి ఊహ హోటల్ దగ్గర ఆగింది.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. కొచ్చికి వెళ్లి చూడండి. 2012 డిసెంబరు 12న అక్కడ మొదలైన బినాలేకు, అంటే రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శనకు, కొత్త మేడలేవీ కట్టలేదు. ఫోర్ట్ కొచ్చిలో సరుకుల వాసన వదలని పాత గిడ్డంగులు, ఆస్పిన్‌వాల్ హౌస్ తలుపులు తెరిచారు, అంతే. కేరళ ప్రభుత్వం నిధులిచ్చింది. చెల్లింపుల మీద, నిర్వహణ మీద అక్కడా తగాదాలున్నాయి. 2022లో తెరవాల్సిన రోజుకు ప్రదర్శన సిద్ధం కాక నవ్వులపాలయ్యారు కూడా. అయినా ఆ ఊరి లాడ్జీలు, టీకొట్లు బినాలే నెలల కోసం ఎదురుచూస్తాయి. అంతకుముందే, 1966లో, కె.సి.ఎస్. పణిక్కర్ వెంట నడిచిన చిత్రకారులు మద్రాసు శివార్లలో సముద్రం పక్కన బాతిక్ గుడ్డలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో స్థలం కొని చోళమండలం అనే కళాకారుల గ్రామం కట్టుకున్నారు. సర్కారు సొమ్ము కాదు, సొంత చెమట. మన తీరంలో అలా కట్టుకుందామన్నా సముద్రం కనిపించే గజం స్థలం కళాకారుడికి అందుతుందా?

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల విభాగం ఉంది. అక్కడ పట్టా పుచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత ఎటు పోతున్నారో ఎవరైనా అడిగారా? హైదరాబాదుకో బెంగళూరుకో వడోదరకో రైలెక్కుతారు. మిగిలినవారు డ్రాయింగు ట్యూషన్లు చెప్పుకుంటారు, పెళ్లి మండపాలకు తెరలు రాస్తారు. ఇక్కడి హవామహల్ లాంటి చోట రెండు మూడు రోజుల ప్రదర్శన పెట్టుకుంటే బంధువులు, మిత్రులు వచ్చి చూసి, ఫొటోలు దిగి వెళతారు. కొనేవారేరీ? ఈ ఊరి సంపన్నులూ బోనులో నిలబడాల్సినవారే. సముద్రానికి ఎదురుగా కోట్ల రూపాయల ఫ్లాటు కొని, హాల్లో ఆన్‌లైన్‌లో తెప్పించిన ఏడు గుర్రాల ప్రింటు తగిలిస్తారు. రిసార్టు గదుల్లోనూ ఎక్కడో అచ్చయిన కొబ్బరిచెట్లే. ఏటికొప్పాక లక్కబొమ్మ 2025 గణతంత్ర దినాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో శకటమెక్కింది. ఇక్కడ మాత్రం అది సన్మానసభల్లో శాలువాతో పాటు ఇచ్చే జ్ఞాపికే.

అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు. ఉప్పుగాలి కాన్వాసుకు శత్రువు. తేమకు బూజు పడుతుంది, మేకులు తుప్పు పడతాయి, కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. కాబట్టి తీరనగరంలో చిత్రశాల అంటే నాలుగు గోడలూ ఒక రిబ్బనూ కాదు. తేమను అదుపులో ఉంచే యంత్రాలు, వాటి కరెంటు బిల్లు కట్టే పద్దు, పని తెలిసిన క్యూరేటర్, ఏటా స్థానికుల బొమ్మలు కొనే నిధి కావాలి. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చిన ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు చూపించాలి. గోడ బొమ్మల టెండర్లలో చిత్రకారుడి సంతకం తప్పనిసరి చేయాలి. దానికి పైసా ఖర్చు లేదు.

చోటు ఎక్కడ అని అడుగుతారేమో. వన్‌టౌన్‌లో సముద్రం పక్కనే బొబ్బిలి రాజావారు కట్టించి ఇచ్చిన టౌన్‌హాల్ ఉంది. స్మార్ట్ సిటీ నిధులతో దానికి మరమ్మతులూ చేశారు. తాళం నగరపాలక సంస్థ దగ్గరే ఉంది.