అడ్డాకు విస్తరి, ఇప్పకొమ్మ పందిరి

మన టౌన్‌షిప్పుకు ఇటీవల వస్తున్న శుభలేఖలను గమనిస్తే, ముహూర్తస్థలం క్రమంగా విశాఖ, భీమిలి తీరాలకు తరలిపోతున్నట్లు తోస్తున్నది. అలల ఎదుట వెదురు మండపం, గవ్వల తోరణాలు, చేతితో చేసిన కానుకలు, ఆడంబరం లేని విందు. నేటి యువతరం ప్రకృతి ఒడిలో పెళ్ళిని కోరుతున్నది. కోరిక ఉచితమైనదే. అయితే 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన రైలుమార్గాన, 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెదకబోయే ఆ సొంపు మన గుమ్మం ముందున్న బస్తర్ పల్లెల్లో ఏనాటి నుండో ఉన్నదని మా మనవి.

ఇక్కడి మురియా, మారియా గ్రామాల్లో పెళ్ళిపందిరి అడవి కొమ్మలతో లేస్తుంది. మనం పెళ్ళిరాటకు పాలకొమ్మను వెదకినట్లే, వారికి ఇప్పకొమ్మ పందిట్లో ఉండి తీరవలెను. ఈ ప్రాంతపు పెళ్ళిళ్ళలో వధూవరుల తలపై కనిపించే ‘మౌర్’ ఈతాకుతో అల్లినది. మన బాసికానికి దూరపు చుట్టం. మేనరికాన్ని గోండులు ‘పాలు తిరిగి ఇవ్వడం’ అంటారు. ఒక ఇంటి నుండి వెళ్ళిన ఆడపడుచు పాలు ఆమె కూతురి రూపాన పుట్టింటికి చేరినట్లట. మేనరికాల తెలుగువారికి ఈ మాట వివరించనక్కరలేదు.

సముద్రం ఎరుగని ఈ అడవిలోనూ గవ్వలున్నాయి. దండామి మారియాలు పెళ్ళి నాట్యంలో అడవిదున్న కొమ్ముల శిరోభూషణం ధరిస్తారు. ముఖం మీద గవ్వల సరాలు వ్రేలాడుతుంటాయి. 1938లో గ్రిగ్సన్ దొర తన గ్రంథంలో వారికి ఆ కొమ్ముల పేరే పెట్టినాడు. అడవిదున్న నేడు చట్టరక్షణలోని జంతువు కనుక, ఆ కొమ్ములు తాతల నాటివి. అటువంటి నర్తకులను అద్దెకు తెచ్చి మన విందు ద్వారం వద్ద నిలబెట్టడం మాకు రుచించదు. అది వారి పెళ్ళి నాట్యం, మన స్వాగత తోరణం కాదు.

మనం నిస్సంకోచంగా స్వీకరించదగినది విస్తరి. సాల వృక్షాలపై ప్రాకే అడ్డతీగను పూర్వం అటవీశాఖవారు చెట్టుకు శత్రువని నరికించేవారు. దాని ఆకే స్త్రీల చేతుల్లో, వెదురు పుల్లల కుట్టుతో విస్తరి అవుతుంది. మేము వృత్తిరీత్యా దేనినైనా పరీక్షించి చూసే అలవాటు గలవారము. వేడి అన్నానికి అది చిరగదు, పులుసుకు కారదు, ఎండబెట్టి దాస్తే నెలల తరబడి నిలుస్తుంది, పారవేస్తే మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ పళ్ళాలు, థర్మోకోల్ అలంకరణ 2022 జులై 1 నుండి దేశమంతటా నిషిద్ధాలు. అయినను, పెళ్ళి మరునాటి ఉదయం విందుశాల వెనుకకు వెళ్ళి చూసినవారికి ఆ నిషేధం ఏపాటి అమలవుతున్నదో తెలుస్తుంది!

కానుకలకు కొండగావ్ ఉన్నది. అక్కడి ఘడ్వా శిల్పులు మట్టి దిమ్మెపై తేనెమైనపు దారాలతో బొమ్మను తీర్చి, దానిపై మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరగి ఖాళీ అయిన చోట కరిగిన ఇత్తడి చేరుతుంది. టర్బైను బ్లేడ్లను నేటికీ పోత పోసే పద్ధతికి మూలసూత్రం ఇదే. బొమ్మను వెలికి తీయాలంటే అచ్చును పగలగొట్టవలెను గనుక, ఒక బొమ్మ మరొకదానిని పోలదు. యంత్రం మీద చేసిన నూరు ఒకే తీరు బహుమతుల కంటే, ఇంటికొకటి ఇచ్చే ఇత్తడి దీపం మేలు.

ఒక్క చిక్కున్నది. ఇవి ముందురోజు బజారుకు వెళ్ళి తెచ్చుకునేవి కావు. 500 మంది అతిథులకు రెండు పూటలంటే 1,000 విస్తళ్ళు. విస్తరికి ఆరేడు ఆకుల చొప్పున వేసుకున్నా ఆరేడు వేల ఆకులు. అడవికి వెళ్ళి కోయాలి, ఆరబెట్టాలి, కుట్టాలి, కట్టలు కట్టాలి. మాఘమాసపు ముహూర్తమైతే పుష్యంలోనే వారపు సంతకు వెళ్ళి, ఆకులమ్మే స్త్రీలతో మాట్లాడి, సగం సొమ్ము ముందుగా చేతికివ్వవలెను.