పిడుదుల జ్వరం: మాత్రలు మధ్యలో మానకండి

మీ ఇంట్లో కుక్క ఉందా? అయితే చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇది చదవండి.

కర్నూల్లో మా ఇంటి రాజుకి జొన్నరొట్టె వాసన తగిలితే చాలు, పొయ్యి దగ్గరే కాపలా. అలాంటివాడు ఒకరోజు రొట్టె ముక్క ముందు పెట్టినా తల ఎత్తలేదు. 'ఎండకి డీలా పడ్డాడులే' అనుకున్నాం. డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, పిడుదుల వల్ల వచ్చిన జ్వరమన్నారు. మందు మొదలెట్టిన మూడో రోజుకే లేచి తిరిగాడు. తగ్గిపోయింది కదా అని వారానికే మాత్రలు ఆపేశాం. కొన్ని నెలలకి ముక్కులోంచి రక్తం కారింది. ఈసారి మందుకి లొంగలేదు. రాజు మాకు దక్కలేదు. మేం చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇదంతా చెబుతున్నాను.

పిడుదుల్నే కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. అవి రక్తం పీల్చేటప్పుడు ఎర్లీకియా, బబీసియా అనే సూక్ష్మక్రిములు కుక్క ఒంట్లోకి చేరతాయి. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో జబ్బు బయటపడుతుంది.

ఇలా గుర్తుపట్టండి

* తిండి మానేసి మూలన పడుకోవడం, జ్వరం. కుక్కకి 101, 102 డిగ్రీలు మామూలే. 103 దాటితే జ్వరమే.
* చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు.
* ముక్కు నుంచి రక్తం రావడం, మూత్రం కాఫీ రంగులో ఉండటం.

వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటి మీద పిడుదు లేదని ఊరుకోకండి, రక్తం తాగి రాలిపోయి ఉండొచ్చు.

మందు ఇలా వాడాలి

ఎర్లీకియాకి సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు ఇస్తారు. రెండు మూడు రోజుల్లోనే కుక్క తేరుకున్నా, క్రిమి లోపలే దాగి ఉంటుంది. అందుకే పాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే మాత్ర లెక్క కూడా రాసుకోండి. అన్నం పెట్టాకే మాత్ర వేసి, కాసిని నీళ్లు తాగించండి. పాలలో కలపొద్దు. బబీసియాకి మందు వేరు కాబట్టి సొంత వైద్యం పనికిరాదు. మనం వేసుకునే పారాసిటమాల్ అసలే వద్దు.

ఇల్లు కూడా చూసుకోండి

ఆడ పిడుదు గోడ పగుళ్లలో, బేతంచెర్ల బండల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ సందులు సిమెంటుతో పూడ్పించండి. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద రోజూ వెతకండి. దొరికినదాన్ని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా పైకి లాగి స్పిరిట్‌లో వేయండి. వేళ్లతో నలపకండి, కిరోసిన్ పూయకండి. గేదెలకి వాడే పిడుదుల మందు కుక్కకి ప్రమాదం. ఏ మందు పూయాలో, ఎంత పూయాలో డాక్టరు గారినే అడగండి.

మూగజీవి తన బాధ నోటితో చెప్పలేదు. ఇష్టమైన రొట్టె ముక్క వదిలేసిందంటే, ఆ రోజే కదలండి.